ఇంట్లో ఒకరి సంరక్షణ మీ చేతికి వచ్చినప్పుడు ఏం చేయాలి, ఎలా చేయాలి

సంరక్షణ బాధ్యత చెప్పి రాదు. పక్షవాతం, తుంటి ఎముక విరగడం, పెద్ద ఆపరేషన్, లేదా ఏళ్ల తరబడి మెల్లగా ముదిరిన మతిమరుపు: కారణం ఏదైనా, ఒక రోజున ఇంట్లో ఒకరికి స్నానం ఎవరు చేయించాలి, మందులు ఎవరు చూడాలి, రాత్రి పిలిస్తే ఎవరు లేవాలి అనే ప్రశ్న వస్తుంది. అందరూ మీవైపు చూస్తారు, లేదా ఎవరూ అడగకముందే మీరే ముందుకు వస్తారు. శిక్షణ ఉండదు, జీతం ఉండదు, సెలవు అసలే ఉండదు. ప్రేమ ఉంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే వస్తాయని చుట్టూ ఉన్నవారు ధైర్యం చెబుతారు. అది నిజం కాదు. ఎంతో ప్రేమ ఉన్నవారే పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని లేపబోయి భుజం కీలు జార్చేస్తారు. దాహంగా ఉందేమోనన్న ఆదుర్దాతో పడుకుని ఉన్న మనిషి నోట్లో నీళ్లు పోసి పొలమారేలా చేస్తారు. ప్రేమతో పాటు నేర్పు కావాలి. అది నేర్చుకుంటే వస్తుంది.

పనుల్లోకి వెళ్లే ముందు ఒక మాట. మీ చేతికి వచ్చినవి ఆ మనిషి స్వయంగా చేసుకోలేని పనులు మాత్రమే. వారి జీవితం ఇంకా వారిదే. ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎవరిని కలవాలో, ఏ వైద్యం వద్దో చెప్పే హక్కు వారిదే. కింద చెప్పే ప్రతి పనీ ఈ హద్దు దాటకుండా చేయడానికే.

1. ఏది చేయగలరు, ఏది చేయలేరు: ముందు ఇది తేల్చుకోండి

అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ఒక చిన్న కొలమానం ఇచ్చారు. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, స్వయంగా తినడం. ఈ ఆరింటిలో మనిషి వేటిని సొంతంగా చేసుకోగలుగుతున్నారన్నదే ఆ కొలమానం. ఆసుపత్రుల్లో నేటికీ వాడుతున్నారు. 1969లో అమెరికా పరిశోధకులు లాటన్, బ్రోడీ మరో ఎనిమిది చేర్చారు: ఫోను వాడటం, కొనుగోళ్లు, వంట, ఇంటి పని, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు వేసుకోవడం, డబ్బు వ్యవహారాలు.

ఒక కాగితం మీద ఈ పద్నాలుగూ రాసి, ఒక్కోదాని పక్కన మూడు గళ్లు గీయండి. సొంతంగా చేస్తారు, తోడుంటే చేస్తారు, చేయలేరు. రెండు మూడు రోజులు గమనించి నింపండి. మీ నైపుణ్యమంతా కనిపించాల్సింది నడిమి గడిలో. తోడుంటే చేయగలిగిన పనిని మీరే చేసిపెడితే కొన్ని వారాల్లో అది ‘చేయలేరు’ గడిలోకి జారిపోతుంది. వాడని కండరం బలహీనపడుతుంది, వాడని అలవాటు మరిచిపోతారు. గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టనివ్వండి. పక్కన నిలబడి చూస్తూ చేతులు కట్టుకోవడం ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన విద్య అని నేను నమ్ముతాను.

ఈ కాగితాన్ని ఒకసారి రాసి పక్కన పడేయకండి. జ్వరం వచ్చి తగ్గాక, కింద పడ్డాక, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చాక మళ్లీ నింపండి. పొద్దున చేయగలిగినది సాయంత్రం అలసటతో చేయలేకపోవచ్చు, అదీ రాయండి.

2. వారినే అడగండి

ఇంట్లో అందరూ కూర్చుని నిర్ణయాలు తీసుకుంటారు, మంచం మీద ఉన్న మనిషి మాత్రం తలుపు సందులోంచి వింటూ ఉంటారు. ఇలా జరగనివ్వకండి. స్నానం పొద్దున కావాలా సాయంత్రమా? ఎవరు చేయిస్తే ఇబ్బంది ఉండదు? తలుపు వేసి ఉంచాలా, తీసి ఉంచాలా? ఎవరెవరు చూడటానికి రావచ్చు? చిన్న ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ, శరీరం తన మాట వినని మనిషికి ఇవే మిగిలిన అధికారం.

మాట పడిపోయినవారికీ ఇది వర్తిస్తుంది. అవునంటే కనురెప్ప ఒకసారి, కాదంటే రెండుసార్లు అని ఒప్పందం చేసుకోవచ్చు. రెండు చొక్కాలు చూపించి ఏది కావాలో చూపుతో చెప్పమనవచ్చు. మాట రాకపోయినా అర్థం చేసుకోగలవారు చాలామంది ఉంటారు కాబట్టి వారి ముందు వారి గురించి మూడో మనిషిలా మాట్లాడకండి. డాక్టరు మీతోనే మాట్లాడుతుంటే ‘వారికే చెప్పండి, నేను వింటాను’ అనండి.

బరువైన ప్రశ్నలు కూడా ఉన్నాయి. పరిస్థితి విషమిస్తే వెంటిలేటర్ పెట్టాలా? గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడానికి ఒప్పుకుంటారా? తాము చెప్పలేని స్థితి వస్తే తమ తరఫున ఎవరు మాట్లాడాలి? తెలివిగా మాట్లాడగలిగిన రోజుల్లోనే, తొందర లేని ఒక సాయంత్రం అడిగి, రాసి, సంతకం పెట్టించి ఉంచండి. ఈ మాటలు అశుభమని చాలామంది దాటవేస్తారు. ఆ తరువాత ఐసీయూ తలుపు దగ్గర తోబుట్టువులు ఒకరితో ఒకరు వాదించుకుంటారు. ముందే అడగడం వారి మీద ప్రేమ లేకపోవడం కాదు, వారి మాట చెల్లేలా చూడటం.

3. మందుల జాబితా ఒక్కటే ఉండాలి

ముగ్గురు డాక్టర్లు, మూడు చీటీలు, పాత డబ్బాలో మిగిలిన మాత్రలు. ప్రమాదమంతా ఇక్కడే పుడుతుంది. అన్నీ ఒకే కాగితం మీదికి తెండి: మందు పేరు, మోతాదు, ఏ వేళకు, దేనికోసం, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి. విటమిన్లు, మూలికా మందులు, అడిగి కొనుక్కున్న నొప్పి మాత్రలు కూడా అందులో ఉండాలి. కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు రాయండి; ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు పడిపోవడం మామూలే. జలుబు మాత్రలోనూ జ్వరం మాత్రలోనూ పారాసిటమాల్ ఉంటుంది. పెద్దవారికి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. బరువు తక్కువగా ఉన్నవారికి, కాలేయం బాగోలేనివారికి అంతకంటే తక్కువే, ఎంతన్నది డాక్టరు చెప్పాలి.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించే రోజున పాత జాబితా, కొత్త జాబితా పక్కపక్కన పెట్టి అక్కడే అడగండి: ఏవి కొత్తవి, ఏవి ఆపేశారు, ఏ మోతాదు మార్చారు? ఈ ప్రశ్నకు జవాబు రాకుండా బయటికి అడుగు పెట్టకండి.

మాత్ర మింగడం కష్టమైతే పొడి చేసి ఇవ్వాలనిపిస్తుంది. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రను పొడి చేస్తే రోజంతటి మోతాదు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. పైన పూత ఉన్న మాత్రలు కొన్ని పొట్టలో కరగకూడనివి. పొడి చేయవచ్చో లేదో మందుల దుకాణంలో ఫార్మసిస్టును అడగండి. చాలా మందులకు ద్రవరూపం కూడా ఉంటుంది. ఒక పూట మరిచిపోతే తరువాతి పూట రెండింతలు వేయకండి. ఇక మాత్ర వేశామని గుర్తు పెట్టాల్సింది డబ్బాలోంచి తీసినప్పుడు కాదు, వారు మింగిన తరువాత.

4. శరీరాన్ని చూసుకోవడం

ఈ భాగం పెద్దది. ఇందులోని చాలా పనులను ఒక నర్సు దగ్గర గానీ ఫిజియోథెరపిస్టు దగ్గర గానీ ఒకసారి కళ్లారా చూసి, వారి ఎదుటే మీరు చేసి చూపించండి. డిశ్చార్జికి ముందు రోజు ‘నాకు నేర్పండి’ అని అడగడం మీ హక్కు.

ముందుగా చేతులు. సబ్బు, నీళ్లతో కడిగితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల చివరలు మరిచిపోయే చోట్లు.

పడక పుండ్లు. కదలలేని మనిషికి ఎముక పొడుచుకొని ఉండే చోట చర్మం పరుపుకూ ఎముకకూ మధ్య నలిగి, రక్తం అందక చచ్చిపోతుంది. మడమలు, పిరుదుల పైన ఉండే ఎముక, తుంటి, మోచేతులు, తల వెనుక భాగం రోజూ చూడాలి. మామూలుగా రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలి. పరుపును బట్టి, చర్మాన్ని బట్టి నర్సు ఈ వ్యవధిని మార్చి చెప్పవచ్చు. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి మీద పడుతుంది. వీపు వెనుక దిండు పెట్టి 30 డిగ్రీల వరకు వాలిస్తే చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడండి. ఎర్రబడిన చోట వేలితో కొద్దిసేపు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతోంది. రంగు మారకపోతే పుండు మొదలైనట్లే. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఎరుపు కనిపించకపోవచ్చు. చుట్టుపక్కల కంటే నల్లగా లేదా ఊదాగా ఉండటం, వేడిగా గానీ గట్టిగా గానీ తగలడం, నొప్పి అనడం గుర్తులు. అలాంటి చోట మర్దన చేయకండి, లోపల దెబ్బతిన్న కణజాలం ఇంకా దెబ్బతింటుంది. మధ్యలో కన్నం ఉన్న గుండ్రటి దిండ్లు కూడా వద్దు, అంచుల దగ్గర రక్తం ఆడదు. మంచంలో పైకి జరపాలంటే ఈడ్చకండి. నడుము కింద ఒక దుప్పటి మడతపెట్టి పరిచి, ఇద్దరు రెండు వైపులా పట్టుకుని ఎత్తి జరపండి. వీల్‌చైర్‌లో కూర్చునేవారూ పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఒళ్లు అటూ ఇటూ వాల్చి బరువు మార్చుకోవాలి.

లేపడం, కూర్చోబెట్టడం. పడుకున్న మనిషిని ఒక్కసారిగా నిలబెడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోబెట్టండి. ఈలోగా వీల్‌చైర్‌ను బలం ఉన్న వైపున, మంచానికి దగ్గరగా పెట్టి బ్రేకులు వేయండి, కాళ్లు పెట్టే పలకలు పక్కకు తీసేయండి. మీ పాదాలు ఎడంగా, మోకాళ్లు వంచి, నడుము నిటారుగా. వారి చేతులు మీ మెడ చుట్టూ వేయించుకోకండి. వారు తూలితే విరిగేది మీ మెడ. బలహీనమైన చేతిని పట్టి లాగకండి. పట్టుకోవడానికి నడుముకు కట్టే వెడల్పాటి బెల్టు దొరుకుతుంది, కొనుక్కోండి. ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెట్టి, మూడు అన్నప్పుడు ఇద్దరూ కలిసి లేవాలి. వారు కూడా బలం పెట్టేలా చేయడమే ఆ లెక్క ప్రయోజనం.

నడుస్తూ పడిపోతుంటే పట్టి ఆపాలని చూడకండి. మీ ఒంటికి ఆనించుకుని మెల్లగా నేల మీదికి జారనివ్వండి. పడ్డాక వెంటనే లేపకండి. తల తగిలిందా, తుంటి నొప్పి ఉందా, కాలు పొట్టిగా గానీ బయటికి తిరిగి గానీ కనిపిస్తోందా చూడండి. రక్తం పలుచబడే మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బట్టలు. తొడిగేటప్పుడు బలహీనమైన చేయి ముందు, తీసేటప్పుడు బలమైన చేయి ముందు. ఇంతే.

తినిపించడం, తాగించడం. నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్న తరువాత అరగంట అలాగే ఉంచాలి. మీరు నిలబడి తినిపిస్తే వారు తల వెనక్కి ఎత్తాల్సి వస్తుంది, అప్పుడు ముద్ద శ్వాసనాళంలోకి పోయే ప్రమాదం ఎక్కువ. ఎదురుగా, వారి కళ్ల ఎత్తులో కూర్చోండి. చిన్న చెంచా వాడండి, గుటక పడిందని చూశాకే మరో చెంచా పెట్టండి. తింటూ దగ్గడం, తిన్నాక గొంతు తడిగా గరగరమనడం, బుగ్గలో ముద్ద దాచుకోవడం, తరచూ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు రావడం మింగడంలో లోపానికి గుర్తులు. స్పీచ్ థెరపిస్టు మాట సరిచేయడమే కాదు, మింగడాన్ని కూడా పరీక్షిస్తారు. ఏ చిక్కదనంలో ఇవ్వాలో వారే చెప్పాలి. నోరు రోజుకు రెండుసార్లు శుభ్రం చేయండి, కట్టుడు పళ్లు రాత్రి తీసేయండి. నోట్లో పెరిగిన క్రిములు లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాకు దారితీస్తాయి కాబట్టి ఇది అందం కోసం చేసే పని కాదు. వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది. వారు అడగలేదు కదా అని ఊరుకోకుండా కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి.

స్నానం, మరుగు. సబ్బు, తువ్వాలు, మార్చే బట్టలు అన్నీ చేతికి అందేలా పెట్టుకున్నాకే మొదలుపెట్టండి, మధ్యలో వదిలి వెళ్లకూడదు. నీటి వేడి మీ మోచేతితో చూడండి. పక్షవాతం, మధుమేహం ఉన్నవారికి కాళ్లూ చేతుల్లో స్పర్శ సరిగా తెలియదు. కడుగుతున్న భాగం తప్ప మిగతా ఒళ్లు తువ్వాలుతో కప్పి ఉంచండి. తాకబోయే ముందు ‘ఇప్పుడు వీపు తుడుస్తాను’ అని చెప్పండి. ముఖం తుడుచుకోవడం వారికే వదలండి, చేతిలో తడిగుడ్డ పెట్టండి. డైపర్ మార్చేటప్పుడు ముఖం చిట్లించకపోవడం, గది తలుపు మూయడం, పనిని మామూలు పనిలా చేసేయడం: వారి సిగ్గును సగం తగ్గించేది ఇదే. మూత్రపు గొట్టం ఉంటే సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కింది ఎత్తులో వేలాడాలి, నేలను మాత్రం తాకకూడదు.

5. నోటుబుక్ పెట్టండి

రోజుకు ఐదారు పంక్తులు చాలు. ఏం తిన్నారు, ఎంత తాగారు, మూత్రం, మలం, నిద్ర, నొప్పి, చర్మం, కొత్తగా కనిపించినది. రోజూ చూసేది మీరు. డాక్టరు చూసేది కొద్ది నిమిషాలు. కాబట్టి నిన్నటికీ ఇవాళ్టికీ ఉన్న తేడాను పట్టుకోగలిగేది మీరొక్కరే, సంరక్షకుల పాత్రలో వైద్యానికి అన్నిటికంటే పనికొచ్చే భాగం కూడా ఇదే.

ముఖ్యంగా, ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో వచ్చిన అయోమయాన్ని ‘వయసు మీద పడింది కదా’ అని తోసిపుచ్చకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్త మందు, చెప్పుకోలేని నొప్పి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. పెద్ద వయసువారిలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. కారణం పట్టుకుని వైద్యం చేస్తే ఆ అయోమయం చాలాసార్లు తగ్గుతుంది. మతిమరుపు జబ్బు మెల్లగా వస్తుంది. ఇది హఠాత్తుగా వస్తుంది. ఆ తేడా డాక్టరుకు చెప్పండి.

పక్షవాతం గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి: ముఖం ఒక వైపుకు వంగడం, ఒక చేయి పైకి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం. వెంటనే అంబులెన్స్ పిలవండి, చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో రాసిపెట్టండి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా ఆ సమయం నుంచి నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అందుకే డాక్టర్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నాలుగు వాక్యాలు రాసుకుని వెళ్లండి. ఏం మారింది, ఎప్పటి నుంచి, మీరు ఏం చేసి చూశారు, ఇప్పుడు మీకు ఏం తెలియాలి. తలుపు దాటాక గుర్తొచ్చే ప్రశ్నలు అప్పుడే అడిగినట్లవుతుంది.

6. మతిమరుపు ఉన్నవారితో

చనిపోయిన తమ్ముడు ఎప్పుడొస్తాడని అడిగితే, ‘పోయి పదేళ్లయింది కదా’ అని ప్రతిసారీ గుర్తు చేస్తే ప్రతిసారీ కొత్తగా ఏడుస్తారు. ‘తమ్ముడు గుర్తొచ్చాడా, అతని గురించి చెప్పండి’ అనండి. సొంత ఇంట్లోనే కూర్చుని ‘మా ఇంటికి తీసుకెళ్లు’ అంటే ఆ మాట వెనుక ఉన్నది భయమో, ఒంటరితనమో, మూత్రం వస్తోందన్న ఇబ్బందో చూడండి. వాదనలో మీరు గెలవవచ్చు, కానీ వారికి గుర్తుండేది ఎవరో కోప్పడ్డారన్న బాధ మాత్రమే. మాట మరిచిపోయినా ఆ మాట మిగిల్చిన బాధ చాలాసేపు ఉంటుంది.

‘నేనెవరో చెప్పండి’ అని పరీక్ష పెట్టకండి, మీ పేరు మీరే చెప్పి పలకరించండి. ఒకసారికి ఒకే మాట: ‘లేవండి’. లేచాక, ‘ఇటు రండి’. సాయంత్రమయ్యేసరికి ఆందోళన పెరిగేవారు చాలామంది ఉంటారు. చీకటి పడక ముందే దీపాలు వేయడం, ఆ వేళకు గొడవ తగ్గించడం, పగలు కాస్త నడిపించడం కొందరికి మేలు చేస్తాయి. అరుపు, కొట్టబోవడం, బట్టలు విప్పేయడం లాంటివి చూసి మొండితనం అనుకునే ముందు నొప్పి, తడి, ఆకలి, ఉక్క, శబ్దం ఒక్కొక్కటిగా పరిశీలించండి.

బ్రిటన్ మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్ ఈ జబ్బు గురించి చెప్పిన విషయం ప్రతి సంరక్షకుడికీ తెలియాలని నా కోరిక. మెదడులో జరిగే నష్టం ఒక్కటే మనిషిని కుంగదీయదు, చుట్టూ ఉన్నవారి తీరు కూడా కుంగదీస్తుంది. తొందరపెట్టడం, చిన్నపిల్లలకు చెప్పినట్లు చెప్పడం, ఎదుట ఉండగానే లేనట్లు మాట్లాడుకోవడం, అబద్ధం చెప్పి పని చేయించుకోవడం. జబ్బును ఆపడం మన చేతిలో లేదు, ఇవి మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.

7. పని పంచండి, పేరు పెట్టి అడగండి

‘ఏదైనా సాయం కావాలంటే చెప్పు’ అని అందరూ అంటారు. ‘పర్వాలేదు’ అని మీరంటారు. అక్కడితో ఆ సంభాషణ ముగిసిపోతుంది. దానికి బదులు పని, రోజు, వేళ చెప్పి అడగండి: ‘శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు నాన్నగారి దగ్గర కూర్చుంటావా?’ దూరాన ఉన్న తోబుట్టువు మంచం దగ్గర సేవ చేయలేకపోవచ్చు. బీమా కాగితాలు, బిల్లుల చెల్లింపు, డాక్టరు అపాయింట్‌మెంట్లు, రోజూ ఒక ఫోను చూసుకోవచ్చు. ఏమీ చేయకుండా ఫోనులో సలహాలు మాత్రం ఇచ్చేవారు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు. వారితో తగవు పడే ఓపికను ఒక వారం సెలవుగా మార్చుకోండి: ఈ వారం మీరు వచ్చి చూసుకోండని పిలవండి. వచ్చి చూసుకున్నాక వారి సలహాలు పనికొచ్చేవి అవుతాయి.

జీతానికి మనిషిని పెట్టుకుంటే పనులు రాసి ఇవ్వండి, చేసి చూపించండి, వారి తిండికీ నిద్రకూ సెలవుకూ వేళలు ముందే తేల్చుకోండి. రోగిని గౌరవంగా చూడాలని వారి నుంచి ఆశించే ఇల్లు వారినీ గౌరవంగా చూడాలి.

8. మీ శరీరం, మీ మనసు

1999లో అమెరికా పరిశోధకులు రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. జీవిత భాగస్వామికి సేవ చేస్తూ ఆ భారంతో నలిగిపోతున్నామని చెప్పిన వృద్ధులను, అలాంటి బాధ్యత లేనివారినీ నాలుగేళ్లు గమనించారు. నలిగిపోతున్నవారిలో మరణ ప్రమాదం 63 శాతం ఎక్కువగా కనిపించింది. సేవ చేస్తూనే నలిగిపోవడం లేదన్నవారిలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను: మీరు తీసుకునే విశ్రాంతి రోగి దగ్గర దొంగిలించినది కాదు, అది సంరక్షణలో ఒక పని.

కాబట్టి దాన్ని పనిలాగే రాసిపెట్టుకోండి. వారంలో కనీసం రెండు రాత్రులు మరొకరు లేవాలి. మీ బీపీ మాత్రలు, మీ పంటి నొప్పి, మీ కళ్ల పరీక్ష వాయిదా వేయకండి. భారం ఎంత ఉందో కొలవడానికి జారిట్ పేరుతో 22 ప్రశ్నల జాబితా ఒకటి ఉంది. మీ డాక్టరును అడిగితే దాని సాయంతో మీ స్థితి చూస్తారు. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే అది అలసట మాత్రమే కాకపోవచ్చు, వైద్యం తీసుకోండి.

కోపం వస్తుంది. అందరికీ వస్తుంది, చెప్పుకోరు. చేయి మొరటుగా మారుతోందని అనిపించిన క్షణంలో వారిని పడిపోకుండా సురక్షితంగా ఉంచి, గదిలోంచి బయటికి వచ్చేయండి. ఐదు నిమిషాలు పని ఆగితే ఏమీ కాదు. అలాంటి క్షణాలు తరచూ వస్తుంటే ఒంటరిగా చేయగలిగిన హద్దు దాటిందని అర్థం, ఎవరినైనా పిలవండి. ఇక, మనిషి ఎదురుగా ఉండగానే పాత మనిషి లేకుండా పోతున్న దుఃఖం ఒకటి ఉంటుంది. అమెరికాకు చెందిన కుటుంబ చికిత్సకురాలు పాలీన్ బాస్ దశాబ్దాల పాటు దాని మీద పని చేశారు. పరామర్శకు ఎవరూ రాని దుఃఖం అది. మీలాగే సేవ చేస్తున్న మరొకరితో మాట్లాడండి, విడమర్చి చెప్పనక్కరలేకుండానే అర్థం చేసుకుంటారు.

9. జబ్బు నయమయ్యేది కానప్పుడు

1967లో బ్రిటన్ వైద్యురాలు సిసిలీ సాండర్స్ లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ (చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే ఆసుపత్రి) ప్రారంభించారు. నొప్పి ఒంటికి మాత్రమే కాదు, మనసుకూ, సంబంధాలకూ, నమ్మకాలకూ ఉంటుందని, అన్నిటినీ కలిపి చూడాలని ఆమె చెప్పారు. ఉపశమన వైద్యం అని ఇప్పుడు మనం పిలిచేది ఆ ఆలోచన మీద నిలబడి ఉంది. దాన్ని చివరి వారం కోసం దాచుకోకండి. జబ్బుకు మిగతా వైద్యం నడుస్తుండగానే నొప్పికీ, ఆయాసానికీ, వాంతులకూ ఆ విభాగం వారిని కలవవచ్చు. డాక్టరు పర్యవేక్షణలో నొప్పికి ఇచ్చే మార్ఫిన్ గురించి భయపడి మనిషిని నొప్పితో ఉంచకండి. దానితో మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికి మందు కూడా మొదటి రోజే అడగండి.

చివరి రోజుల్లో ఆకలి, దాహం తగ్గిపోతాయి. తినడం మానడం వల్ల పోతున్నారని కుటుంబం అనుకుంటుంది, నిజానికి శరీరం ముగింపుకు వస్తున్నందువల్ల తినడం మానేస్తారు. బలవంతంగా నోట్లో పెట్టకండి. పెదవులు, నాలుక తడిపి ఉంచండి. పక్క మార్చడం, నోరు శుభ్రం చేయడం, నొప్పి గమనించడం ఆపకండి. పలకకపోయినా వింటున్నారనుకునే మాట్లాడండి.

10. బాధ్యత తీరుతున్నప్పుడు

కోలుకుంటున్నవారికి పనులు తిరిగి అప్పగించాలి. మొదటి రోజు రాసిన పద్నాలుగు పనుల కాగితం తీసి, వారానికి ఒకటి చొప్పున వారి చేతికి ఇవ్వండి. మీరు మానుకోలేకపోతున్న పనులు ఏవో కూడా అప్పుడు తెలుస్తుంది. ముందు వాటినే ఇచ్చేయండి.

మనిషి పోయినప్పుడు మిగిలిన మందులు, ముఖ్యంగా నొప్పి మందులు, ఎవరికీ పంచకండి, డ్రాయరులో వదిలేయకండి. ఇచ్చిన ఆసుపత్రికి గానీ ఫార్మసీకి గానీ తిరిగి అప్పగించండి. వీల్‌చైర్, మంచం అవసరమైన మరో ఇంటికి ఇవ్వవచ్చు. కొన్ని నెలల పాటు రాత్రి అదే వేళకు మెలకువ వస్తుంది, ఎవరో పిలిచినట్లు ఉంటుంది. బాధతో పాటు ఊరట కూడా కలగవచ్చు, అందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. వాయిదా వేసిన మీ వైద్య పరీక్షలకు ఆ నెలలోనే తేదీ తీసుకోండి, వెంట ఒకరిని రమ్మనండి.